ఐ-బీమ్ మెలి తిరుగుతుందా? టార్షన్ ఎలా చెక్ చేయాలి

ఒక వర్క్‌షాపు షెడ్డులో ఐ-బీమ్ కింది ఫ్లాంజ్‌కి (ఐ ఆకారంలో పైనా కిందా ఉండే అడ్డ పలక) అడ్డంగా స్పిరిట్ లెవెల్ ఆనించి చూసిన రోజు నాకింకా గుర్తుంది. బుడగ గీతల మధ్య ఆగకుండా ఒక పక్కకి పోయి అక్కడే అతుక్కుపోయింది. దారం కట్టి చూస్తే బీమ్ కిందికి సాగింది మూడు మిల్లీమీటర్లు కూడా లేదు. కానీ ఫ్లాంజ్ ఒక అంచు రెండో అంచుకంటే కంటికి తెలిసేంత కిందికి దిగింది. బీమ్ మీద కట్టిన ఇటుక గోడ అడుగు వరసలో, మధ్యలో మూరెడు పొడవున సన్నటి పగులు. కారణం ఎదురుగానే వేలాడుతోంది: వెబ్‌కి (రెండు ఫ్లాంజ్‌లనూ కలిపే నిటారు పలక) పక్కన వెల్డ్ చేసిన బ్రాకెట్, దానికి చైన్ పుల్లీ బ్లాక్, దాని కొక్కేనికి ఒక మోటారు.

ఆ బీమ్ లెక్క చేసింది నేనే. బ్రాకెట్ ఆలోచన తర్వాత వచ్చింది. "టన్ను బరువేగా సార్, బీమ్‌లో ఇంకా చోటుంది కదా" అని అడిగితే, బెండింగ్ అంకెలు చూసి ఫోన్‌లోనే సరే అన్నాను. బెండింగ్ వరకూ ఆ మాట నిజమే. టార్షన్, అంటే మెలి లెక్క మాత్రం చేయలేదు. మీరు ఆ తప్పు చేయకుండా ఉండాలని అదే బీమ్ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా లెక్క చేసి చూపిస్తాను.

బీమ్ వివరాలు

ఐఎస్ఎంబీ 300 (300 మి.మీ. ఎత్తున్న భారతీయ ప్రామాణిక ఐ-సెక్షన్), మీటరుకి 44.2 కిలోల సెక్షన్, స్పాన్ (ఆధారాల మధ్య దూరం) 4 మీటర్లు, ఈల్డ్ స్ట్రెస్ (ఉక్కు శాశ్వతంగా సాగడం మొదలయ్యే స్ట్రెస్) 250 ఎంపీఏ (మెగాపాస్కల్స్). మీద తొమ్మిది అంగుళాల ఇటుక గోడ 2.1 మీటర్ల ఎత్తున ఉంది. గోడ, బీమ్ సొంత బరువు కలిపి మీటరుకి 10 కిలోన్యూటన్లు, 1.5 భద్రతా ఫ్యాక్టర్‌తో 15. సరిగ్గా స్పాన్ మధ్యలో బ్రాకెట్. ఎత్తే మోటారు, చైన్ బ్లాక్, పది శాతం ఇంపాక్ట్ అన్నీ కలిపి 10 కిలోన్యూటన్లు, ఫ్యాక్టర్‌తో 15. వెబ్ మధ్యగీత నుంచి కొక్కేనికి దూరం 200 మి.మీ.

బెండింగ్ మొమెంట్: గోడ నుంచి 30, కొక్కెం నుంచి 15, మొత్తం 45 కిలోన్యూటన్-మీటర్లు. పక్క ఆసరా ఏదీ లేదనుకుని, నాలుగు మీటర్ల ఎఫెక్టివ్ లెంగ్త్‌కి ఐఎస్ 800:2007 (ఉక్కు కట్టడాల భారతీయ కోడ్) ప్రకారం లేటరల్ టార్షనల్ బక్లింగ్ లెక్క కట్టినా కెపాసిటీ 84 వస్తుంది. అంటే వాడుకుంటున్నది సగానికి కాస్త పైన. నన్ను మోసం చేసింది ఈ అంకే.

ఇక్కడొక సంగతి విడమరచాలి. లేటరల్ టార్షనల్ బక్లింగ్ చెక్ చేస్తే టార్షన్ చెక్ అయిపోయిందని చాలామంది అనుకుంటారు. బక్లింగ్ అంటే లోడు వెబ్ మీదుగా నిటారుగా దిగుతున్నా బీమ్ నిలకడ తప్పి పక్కకి ఒరగడం. మనం మాట్లాడేది లోడే నేరుగా బీమ్‌ని మెలిపెట్టడం గురించి. రెండో దానికి ఐఎస్ 800:2007లో బెండింగ్‌కి ఉన్నట్టు ప్రత్యేక సెక్షన్ లేదు. కోడ్ వరస పట్టుకుని పోతే ఈ చెక్ దానంతటది మీ ముందుకు రాదు. మీరే గుర్తు పెట్టుకుని చేయాలి.

మొదట టార్క్ తేల్చుకోండి

లోడు గీతకీ సెక్షన్ షియర్ సెంటర్‌కీ (లోడు దీని మీదుగా పోతే సెక్షన్ మెలి తిరగదు) మధ్య అడ్డదూరాన్ని లోడుతో గుణిస్తే టార్క్ వస్తుంది. ఐ-సెక్షన్‌లో షియర్ సెంటర్ వెబ్ మధ్యలోనే ఉంటుంది కాబట్టి ఇక్కడ 15 × 0.2 = 3 కిలోన్యూటన్-మీటర్లు. 45 పక్కన 3 ఎంత చిన్నగా కనిపిస్తుందో చూడండి.

ఛానెల్ (సి ఆకారపు సెక్షన్) అయితే జాగ్రత్త. దాని షియర్ సెంటర్ సెక్షన్ లోపల ఉండదు, వెబ్ వీపు వెనక గాలిలో ఉంటుంది. ఐఎస్ఎంసీ 200కి అది వెబ్‌కి వెనకగా పాతిక మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది. గురుత్వ కేంద్రం వెబ్ వీపు నుంచి 21.7 మి.మీ. ముందుకి ఉంటుంది. లోడు గురుత్వ కేంద్రం మీదుగా పోతోంది కదా అని ధీమాగా ఉంటే, దాదాపు 45 నుంచి 50 మి.మీ. ఎక్సెంట్రిసిటీ (షియర్ సెంటర్ నుంచి అడ్డదూరం) తెలియకుండానే వచ్చిపడుతుంది.

టార్క్ తప్పనిసరా అన్నది కూడా ఇప్పుడే అడగాలి. మన బ్రాకెట్‌కి వేరే దారి లేదు, ఆ 3 యూనిట్లూ (కిలోన్యూటన్-మీటర్లు) బీమ్ మోయాల్సిందే. వెబ్ క్లీట్‌తో (వెబ్‌ని కలిపే చిన్న యాంగిల్ ముక్క) వచ్చి ఆనే సెకండరీ బీమ్ విషయం వేరు. దాని చివర కాస్త తిరిగినా దాని బ్యాలెన్స్ చెడదు కాబట్టి, ఆ క్లీట్ నుంచి వచ్చే మెలి సాధారణంగా పెద్ద సమస్య కాదు. తేడా తెలియక ప్రతి జాయింట్‌కీ టార్షన్ చూస్తూ పోతే పని తెమలదు, అసలుది కంటపడదు.

చివరలు ఎలా పట్టుకున్నాయి?

డ్రాయింగ్ కాదు, జాయింట్ చూడండి. బీమ్ కింద సీట్ యాంగిల్ ఒక్కటే ఉండి పైన క్లీట్ లేకపోతే ఆ చివర మెలిని ఆపేవాళ్లే లేరు. అలాంటిచోట ముందు జాయింట్ సరిచేయాలి. ఎత్తు బాగా ఉన్న వెబ్ క్లీట్లుంటే సెక్షన్ తిరగదు గానీ, ఫ్లాంజ్‌లు మాత్రం పక్కకి కదలగలవు. దీన్నే వార్పింగ్ ఫ్రీ అంటారు. మన బీమ్ ఇదే. రెండు ఫ్లాంజ్‌లనూ గట్టి కాలమ్‌కి పూర్తిగా వెల్డ్ చేస్తేనే వార్పింగ్ ఫిక్స్‌డ్ అనాలి. నాలుగు బోల్టుల పల్చటి ఎండ్ ప్లేట్‌ని అలా లెక్క కట్టకండి.

మెలిని బీమ్ ఎలా ఆపుతుంది

క్యాలెండర్ చుట్టి వచ్చే అట్ట గొట్టాన్ని రెండు చేతులతో మెలిపెట్టి చూడండి, కదలదు. దాన్నే బ్లేడుతో పొడుగునా ఒక గీత కోసి మళ్లీ తిప్పండి. తడి గుడ్డ పిండినంత తేలిగ్గా తిరిగిపోతుంది. కోసిన అంచులు ఒకదాని పక్కన ఒకటి జారడం కూడా కనిపిస్తుంది. ఐ-సెక్షన్ కోసిన గొట్టం జాతి. దానికి మెలిని ఆపే శక్తి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి పలకల మందం నుంచి వచ్చే సెయింట్ వెనాంట్ టార్షన్. 1855లో ఆయన రాసిన సిద్ధాంతం పేరుతోనే ఇప్పటికీ పిలుస్తున్నాం. రెండోది వార్పింగ్: పై ఫ్లాంజ్ ఎడమకి, కింది ఫ్లాంజ్ కుడికి, రెండూ అడ్డంగా పడుకోబెట్టిన రెండు చిన్న బీముల్లా వంగుతాయి. మామూలు స్పాన్‌లలో ఐ-బీమ్‌ని దెబ్బతీసేది ఈ రెండోదే. ఈ ఒక్క బొమ్మ మనసులో నిలిస్తే మిగతా లెక్కంతా దాని చుట్టూ తిరిగేదే.

చేతి లెక్క ముందు

ఆ బొమ్మతోనే త్వరగా ఒక చెక్ చేయవచ్చు. ఫ్లాంజ్‌ల మధ్యగీతల దూరం 300 − 12.4 = 287.6 మి.మీ. టార్క్‌ని దీనితో భాగిస్తే ఒక్కో ఫ్లాంజ్ మీద పక్కకి తోసే బలం: 3000 ÷ 287.6 = 10.43 కిలోన్యూటన్లు. ఫ్లాంజ్‌ని 4 మీటర్ల బీమ్ అనుకుంటే మధ్యలో మొమెంట్ 10.43 × 4 ÷ 4 = 10.43 కిలోన్యూటన్-మీటర్లు. ఇది సెయింట్ వెనాంట్ సాయాన్ని పూర్తిగా వదిలేసిన అంకె, అసలు కంటే ఎక్కువే చూపిస్తుంది. దీనితోనే బీమ్ పాసైతే ఇంకేమీ అక్కర్లేదు. ఇక్కడ, కింద వచ్చే ఫ్లాంజ్ మాడ్యులస్ 32.4 సెం.మీ.³తో భాగిస్తే, స్ట్రెస్ 320 ఎంపీఏ దాటుతోంది కాబట్టి అసలు లెక్కకి వెళ్లాలి.

సెక్షన్ గుణాలు

సెయింట్ వెనాంట్ స్థిరాంకం జె: ప్రతి పలక పొడవునీ మందం ఘనంతో గుణించి, కలిపి, మూడుతో భాగించండి. (2 × 140 × 12.4³ + 275.2 × 7.5³) ÷ 3 = 2.17 × 10⁵ మి.మీ.⁴.

వార్పింగ్ స్థిరాంకం: బలహీన అక్షపు ఇనర్షియా × ఫ్లాంజ్ దూరం వర్గం ÷ 4. స్టీల్ టేబుల్‌లో ఆ ఇనర్షియా 453.9 సెం.మీ.⁴. వేస్తే 9.39 × 10¹⁰ మి.మీ.⁶.

ఇక్కడ ఒక గుంట ఉంది. ఐఎస్ఎంబీ ఫ్లాంజ్ దీర్ఘచతురస్రం కాదు. వెబ్ దగ్గర లావుగా, అంచుకి వచ్చేసరికి సన్నగా ఏటవాలుగా ఉంటుంది. టేబుల్‌లో ఇచ్చే 12.4 సగటు మందం. మందం × వెడల్పు వర్గం ÷ 6 అని వేస్తే ఫ్లాంజ్ సెక్షన్ మాడ్యులస్ (మొమెంట్‌ని దీనితో భాగిస్తే స్ట్రెస్ వస్తుంది) 40.5 సెం.మీ.³ వస్తుంది. అసలుది టేబుల్ నుంచి తీయాలి: బలహీన అక్షపు మాడ్యులస్ 64.8లో సగం, 32.4. పక్క వంపులో పనిచేసేది అంచులే కాబట్టి తేడా పాతిక శాతం వచ్చింది, అదీ ప్రమాదం వైపు. సమాంతర ఫ్లాంజ్ సెక్షన్లకి ఈ చిక్కు లేదు.

ఇప్పుడు రెండు గుణాలనూ కలిపే ఒక పొడవు కావాలి. ఎలాస్టిక్ మాడ్యులస్ × వార్పింగ్ స్థిరాంకాన్ని, షియర్ మాడ్యులస్ × జెతో భాగించి వర్గమూలం తీయండి. 2 × 10⁵, 76,900 ఎంపీఏలతో వేస్తే 1060 మి.మీ. దీన్ని 'ఏ' అందాం. అర్థం చెప్పుకోవాలంటే, టార్క్ తగిలిన చోటుకి రమారమి ఈ దూరం వరకూ వార్పింగ్ రాజ్యం, అవతల సెయింట్ వెనాంట్‌ది. మన సగం స్పాన్ ఇందులో 1.886 రెట్లు.

అసలు లెక్క

స్పాన్ మధ్యలో ఒకే టార్క్, చివరల్లో వార్పింగ్ ఫ్రీ అయితే ఒక ఫ్లాంజ్ మీది మొమెంట్:

టార్క్ × ఏ ÷ (2 × ఫ్లాంజ్ దూరం) × టాన్‌హెచ్ (స్పాన్ ÷ 2ఏ)

టాన్‌హెచ్ (హైపర్‌బోలిక్ టాంజెంట్) 1.886 అంటే 0.955, ఎక్సెల్‌లో నేరుగా వస్తుంది. జవాబు 5.28 కిలోన్యూటన్-మీటర్లు, చేతి లెక్కలో సగం. 32.4 సెం.మీ.³తో భాగిస్తే వార్పింగ్ స్ట్రెస్ 163 ఎంపీఏ.

45 యూనిట్ల బెండింగ్ ఇచ్చే స్ట్రెస్ 78 ఎంపీఏ. 3 యూనిట్ల టార్క్ ఇచ్చేది 163. ఇది చూశాక నేను కాసేపు పెన్ను పక్కన పెట్టేశాను.

ట్విస్ట్ కూడా వెంటనే తీయండి, తర్వాతి అడుగులో కావాలి:

టార్క్ × ఏ ÷ (2 × షియర్ మాడ్యులస్ × జె) × (1.886 − 0.955)

0.0887 రేడియన్లు, అంటే 5.1 డిగ్రీలు. ఫ్యాక్టర్ తీసేస్తే 3.4 డిగ్రీలు. 140 మి.మీ. వెడల్పు ఫ్లాంజ్‌లో ఒక అంచు రెండోదానికంటే 8 మి.మీ. దిగడమన్నమాట. స్పిరిట్ లెవెల్ బుడగ పరిగెత్తింది అందుకే.

కలిపి చూడండి

బీమ్ తిరిగాక నిటారు మొమెంట్‌లో కొంత భాగం బలహీన అక్షం మీద పడుతుంది. దాని విలువ మొమెంట్ × ట్విస్ట్: 45 × 0.0887 = 4 కిలోన్యూటన్-మీటర్లు. 64.8తో భాగిస్తే 62 ఎంపీఏ. ఒక ఫ్లాంజ్ మూలలో మూడూ ఒకే గుర్తుతో కలుస్తాయి: 78 + 163 + 62 = 303. అనుమతి 250 ÷ 1.10 (స్టీల్ భద్రతా గుణకం) = 227. బీమ్ ఫెయిల్.

ఇంకా కథ ఉంది. మొమెంట్ క్రిటికల్ మొమెంట్‌కి (బీమ్ బక్లింగ్ అయ్యే మొమెంట్) దగ్గరవుతున్నకొద్దీ మెలి తనను తాను పెంచుకుంటుంది. పెంపు గుణకం 1 ÷ (1 − మొమెంట్ ÷ క్రిటికల్ మొమెంట్). మన బీమ్ క్రిటికల్ మొమెంట్ 126 కాబట్టి గుణకం 1.56. బీమ్ ఈ అడుగుకి ముందే ఫెయిలైంది గనుక నేను దాన్ని వేయలేదు. మీ బీమ్ అంచున పాసైతే మాత్రం తప్పక వేయండి.

షియర్ చివరల్లో చూడాలి. మధ్యలో సెయింట్ వెనాంట్ వాటా సున్నా, చివర గరిష్ఠం. ఒక్కో చివరకి వచ్చేది టార్క్‌లో సగం, 1.5; అందులో దాని వాటా 1.5 × (1 − 1 ÷ కాష్ 1.886) = 1.055 కిలోన్యూటన్-మీటర్లు. దాన్ని మందంతో గుణించి జెతో భాగిస్తే ఫ్లాంజ్‌లో 60, వెబ్‌లో 36 ఎంపీఏ. వెబ్‌లో నిటారు షియర్ 17 కలిపినా 53, హద్దు 131. భయం లేదు. వార్పింగ్ వల్ల వచ్చే షియర్ పది ఎంపీఏ కూడా ఉండదు.

చివరలు వార్పింగ్ ఫిక్స్‌డ్ అయితే? ట్విస్ట్ 5.1 నుంచి 2.3 డిగ్రీలకి తగ్గుతుంది, మంచిదే. వార్పింగ్ స్ట్రెస్ మాత్రం 163 నుంచి 126కే దిగుతుంది, పైగా అంతే స్ట్రెస్ చివరల్లో కూడా పుడుతుంది. ఆ వెల్డింగ్ ఖర్చు పెట్టే ముందు ఈ అంకెలు చూసుకోండి.

సాఫ్ట్‌వేర్ చెప్పేది నమ్మే ముందు

మామూలు ఫ్రేమ్ సాఫ్ట్‌వేర్‌లో బీమ్ ఎలిమెంట్‌కి వార్పింగ్ తెలియదు. దానికి తెలిసింది జె ఒక్కటే. మన బీమ్‌ని అందులో పెడితే ట్విస్ట్ 10.3 డిగ్రీలు చూపిస్తుంది, అసలుకి రెట్టింపు. టార్షన్ షియర్ స్ట్రెస్ 86 చూపిస్తుంది, 131 కంటే తక్కువ కాబట్టి పాస్ అంటుంది. బీమ్‌ని చంపే 163 ఎంపీఏ ఎక్కడా కనిపించదు. ట్విస్ట్‌లో అతి, స్ట్రెస్‌లో మౌనం. అసలు చాలా మోడళ్లలో బ్రాకెట్ లోడుని నోడ్ మీదే పెట్టేస్తారు, అప్పుడు టార్క్ సున్నా. మోడల్ తెరిచి ఆఫ్‌సెట్ ఇచ్చారో లేదో కళ్లతో చూసుకోండి.

ఫెయిలైతే ఏం చేయాలి

బీమ్ సైజు పెంచడం అందరికీ మొదట తట్టే ఆలోచన, నా లెక్కలో ఆఖరిది. ఎత్తు పెరిగి ఫ్లాంజ్ వెడల్పు అంతే ఉంటే లాభం స్వల్పం. మధ్య మధ్య మామూలు స్టిఫ్‌నర్లు (వెబ్‌కి నిటారుగా వెల్డ్ చేసే పలకలు) కొడితే టార్షన్ బలం పెరుగుతుందని సైటులో గట్టిగా నమ్ముతారు, ఆచరణలో పెరగదు. టార్క్ తగిలే చోట మాత్రం రెండు ఫ్లాంజ్‌లకీ తగిలే పూర్తి ఎత్తు స్టిఫ్‌నర్ తప్పనిసరి. లేకపోతే 7.5 మి.మీ. వెబ్ అక్కడే నలిగి వంగుతుంది, ఫ్లాంజ్‌ల దాకా టార్క్ చేరదు, పైన చేసిన లెక్కంతా వృథా.

అన్నిటికంటే చవకైన పని, లోడుని వెబ్ కిందికి జరపడం. కొక్కేన్ని కింది ఫ్లాంజ్ మధ్యలో బీమ్ క్లాంప్‌కి తగిలిస్తే టార్క్ సున్నా. 45కి 84 కెపాసిటీ హాయిగా సరిపోతుంది. ఫ్లాంజ్ లోకల్ వంపు ఒక్కటి చూసుకోండి.

జరపడం కుదరకపోతే బ్రాకెట్‌కి ఎదురుగా అడ్డ బీమ్ వేసి పక్క బీమ్‌కి కలపండి. ఈ వైపు జాయింట్ మొమెంట్ మోసేలా ఉండాలి, అవతలి వైపు మామూలు క్లీట్ చాలు. పక్క బీమ్ 2 మీటర్ల దూరంలో ఉంటే 3 యూనిట్ల టార్క్ అక్కడ 3 ÷ 2 = 1.5 కిలోన్యూటన్ల రియాక్షన్‌గా మారిపోతుంది. ఇద్దరు మనుషుల బరువు. ఆ షెడ్డులో మేం చేసింది ఇదే. మోటారు దింపి, బీమ్ కింద ప్రాప్‌లు పెట్టి, ఒక్క పూటలో వెల్డ్ చేశాం.

రెండూ కుదరని చోట గొట్టం జాతికి మారండి. 300 × 150 × 6 హాలో సెక్షన్ మీటరుకి దాదాపు 40 కిలోలు, మన ఐ-బీమ్ కంటే తేలిక. దాని జె 4.9 × 10⁷, ఐఎస్ఎంబీ 300కి 226 రెట్లు. అదే టార్క్‌కి షియర్ స్ట్రెస్ 3 ఎంపీఏ, ట్విస్ట్ 0.05 డిగ్రీలు. బెండింగ్ స్ట్రెస్ మాత్రం 110 దాకా పెరుగుతుంది, అది భరించదగ్గదే. ఆ సైజు దొరక్కపోతే రెండు ఛానెళ్లను ముఖాముఖి పెట్టి పొడుగునా వెల్డ్ చేసి బాక్స్ చేయండి. ఉన్న ఐ-బీమ్‌కే రెండు పక్కలా ఫ్లాంజ్ అంచుల మధ్య 6 మి.మీ. ప్లేట్లు మూసినా జె రెండు వందల రెట్లు దాటుతుంది. అయితే ఆ వెల్డ్ స్పాన్ అంతా తెగకుండా ఉండాలి. మధ్యలో వదిలేస్తే అది మళ్లీ బ్లేడుతో కోసిన అట్ట గొట్టమే.

ఉన్న బీమ్‌ని సైటులో కొలవాలంటే

లోడు లేనప్పుడు ఒకసారి, వేలాడుతున్నప్పుడు ఒకసారి చూడండి. స్పాన్ మధ్యలో కింది ఫ్లాంజ్‌కి అడ్డంగా చిన్న స్పిరిట్ లెవెల్ ఆనించి, బుడగ మధ్యకొచ్చేదాకా లెవెల్‌కీ ఫ్లాంజ్ అంచుకీ మధ్య రేకు ముక్కలు దూర్చండి. ఐఎస్ఎంబీ ఫ్లాంజ్ లోపలి ముఖమే ఏటవాలు, బయటి ముఖం చదును కాబట్టి బయటే ఆనించాలి. రెండు కొలతల తేడా 140 మి.మీ. ఫ్లాంజ్‌కి 2.4 మి.మీ. వస్తే ఒక డిగ్రీ. సర్వీస్ లోడు కింద ఒక డిగ్రీ దాటితే నేను ఒప్పుకోను. అది కోడ్ పెట్టిన హద్దు కాదు, నా పట్టింపు. చివరల్లో కూడా ఇలాగే కొలవండి. అక్కడ కూడా తేడా కనిపిస్తే క్లీట్ బోల్టులు చూడాలి. మెలి స్పాన్‌లో మొదలవలేదు, జాయింట్‌లో మొదలైంది.